క్లాస్ డయాగ్రామ్‌కి ఉచిత టూల్: నా అనుభవం

ప్రోగ్రామ్‌లోని క్లాసుల్నీ వాటి మధ్య సంబంధాల్నీ డబ్బాలు, గీతలుగా చూపే బొమ్మే క్లాస్ డయాగ్రామ్. ఇరవై క్లాసుల డిజైన్‌ని మొదట ఒక డ్రాయింగ్ టూల్‌లో మౌస్‌తో గీశాను. ‘కస్టమర్’ డబ్బాను పక్కకి జరిపితే బాణం పాత చోటే ఉండిపోయేది. కోడ్‌లో పేరు మార్చినా బొమ్మలో మార్చడం మర్చిపోయేవాణ్ణి. నెల తిరిగేసరికి రెంటికీ పొంతన లేదు.

అప్పుడు ప్లాంట్‌యూఎంఎల్‌కి మారాను. ఉచితం, ఓపెన్ సోర్స్. గీయక్కర్లేదు, రాస్తే చాలు. ‘ఆర్డర్ *-- ఐటమ్’ అని ఒక్క లైను రాస్తే ఆర్డర్ వైపు నిండు డైమండ్‌తో కంపోజిషన్ గీత వచ్చేస్తుంది. నక్షత్రం బదులు ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం పెడితే ఖాళీ డైమండ్, అంటే అగ్రిగేషన్. ఆర్డర్ పోతే ఐటమ్ కూడా పోవాలా (కంపోజిషన్), మిగలాలా (అగ్రిగేషన్)? ప్రతి గీత దగ్గరా ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఈ తేడా నాకు నిజంగా ఒంటబట్టింది అక్కడే.

మొదటిరోజు సీక్వెన్స్ డయాగ్రామ్ (ఏ పని తర్వాత ఏది జరుగుతుందో చూపే బొమ్మ) బాగానే వచ్చింది, క్లాస్ డయాగ్రామ్ మాత్రం ఎర్రర్. డబ్బాల్ని, గీతల్ని అమర్చిపెట్టే గ్రాఫ్‌విజ్ అనే ప్రోగ్రామ్ లేకపోవడమే కారణం. ఇన్‌స్టాల్ చేశాక సరిపోయింది. డబ్బాలు ఎక్కడ కూర్చోవాలో టూలే నిర్ణయిస్తుంది, క్లాసులు ఎక్కువైతే గీతలు చిక్కుపడతాయి. అందుకని ప్యాకేజీకి ఒక బొమ్మ చొప్పున విడగొట్టాను. ఫైలు కోడ్‌తోపాటే గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) ఉంటుంది కాబట్టి మార్పు రివ్యూలో కనిపిస్తుంది. ఆలోచన ఇంకా ఒక కొలిక్కి రానప్పుడు మాత్రం ఇప్పటికీ మౌస్‌తో గీసే డ్రా.ఐఓ తెరుస్తాను.