లోగో బాగుందంటారు, కస్టమర్‌కి మాత్రం ఎక్కట్లేదు: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

"లోగో మా అందరికీ నచ్చిందండీ, కానీ జనానికి ఎక్కట్లేదు, రంగు మారుద్దామా?" అని అడిగేవాళ్లందరికీ నా ముందు ప్రశ్న ఒకటే. మీ కస్టమర్ ఆ లోగోని మొదటిసారి ఎక్కడ చూస్తాడు? అక్కడ, అదే సైజులో పెట్టి చూశారా? చాలామంది చూడరు. పెద్ద మానిటర్ మీద, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌లో, తీరిగ్గా కూర్చుని చూసి ఓకే చేసేస్తారు. షాపు బోర్డు అయితే ప్రింటు తీసి గోడకి అంటించి రోడ్డు అవతలికి వెళ్లి చూడండి. ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తుంటే డీపీగా పెట్టి, గుండ్రంగా కత్తిరించాక ఏం మిగిలిందో చూడండి. పచ్చడి సీసా అయితే లేబుల్ సైజులో ప్రింటు తీసి సీసాకి చుట్టి, నాలుగు వేరే సీసాల మధ్య పెట్టండి. ఇది చేయకుండా కింద రాసినవి చదివి లాభం లేదు.

బోర్డు కట్టాక పేరు కనబడట్లేదు

అక్షరం చిన్నదైంది, అంతే. బోర్డులు చేసేవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది: 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. అంటే 50 అడుగుల నుంచి హాయిగా చదవాలంటే 5 అంగుళాల అక్షరం కావాలి. కానీ ఈ లెక్క ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకి సరిపోయేది. తెలుగులో గుడి పైకి పోతుంది, వత్తు కిందికి దిగుతుంది. మొత్తం పేరు 5 అంగుళాలు ఉన్నా అందులో అసలు అక్షరానికి దక్కేది చాలా తక్కువ. అందుకని వత్తులూ గుడులూ వదిలేసి అక్షరం ఒంటి ఎత్తు మాత్రమే కొలవండి. బోర్డులో జాగా చాలకపోతే ట్యాగ్‌లైన్ (పేరు కింద రాసే చిన్న వాక్యం) తీసేయండి, రోడ్డు మీద నడుస్తూ దాన్ని చదివేవాళ్లు ఉండరు.

కుర్రాళ్లకి నచ్చింది, పెద్దవాళ్లు పట్టించుకోవట్లేదు

సన్నటి గీతలు, తెలుపు మీద లేత బూడిద రంగు, లేత నీలం పక్కన లేత ఆకుపచ్చ. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపెక్కుతుంది, ఇలాంటి రంగుల మధ్య తేడా తెలియడం కష్టమవుతుంది. వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకి పాటించే 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) లెక్కని లోగోకీ పెట్టుకోండి, లెక్కేసి చెప్పే ఉచిత టూల్స్ నెట్‌లో బోలెడున్నాయి. "పెద్దవాళ్ల కోసం" అనగానే కలశం, మామిడాకులు, ముగ్గు తెచ్చి చుట్టూ అతికించడం ఒక అలవాటైపోయింది. పెద్దవాళ్లకి కావాల్సింది అవి కాదు, కళ్లజోడు లేకపోయినా చదవగలిగే పేరు.

ఇక్కడే ఇంకో మాట. ప్లే స్కూల్ లోగో అంటే అందరూ పిల్లల కోసం గీస్తారు, వంకర టింకర అక్షరాలు, ఏడు రంగులు. ఫీజు కట్టేది, బిడ్డని వదిలి వెళ్లేది తల్లిదండ్రులు. ఇది భద్రమైన చోటు అనిపించాల్సింది వాళ్లకి. సరదా ఒక్క బొమ్మలో పెట్టి, పేరుని మాత్రం స్థిరంగా, శుభ్రంగా ఉంచండి.

పాతవాళ్లు వస్తున్నారు, కొత్తవాళ్లు రావట్లేదు. వచ్చినా పేరు తప్పు పలుకుతున్నారు

నన్ను ఎక్కువసార్లు దెబ్బ తీసింది ఇదే, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నా. లక్షణాలు ఇలా ఉంటాయి: డెలివరీ కుర్రాడు షాపు ముందే నిలబడి "మీ షాపు ఎక్కడండీ" అని ఫోన్ చేస్తాడు. లేబుల్ చూసి మ్యాప్‌లోనో ఇన్‌స్టాలోనో వెతికినవాళ్లకి మీరు దొరకరు. ఓనర్‌ని అడిగితే "అందరూ బాగానే చదివారే" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఆ అందరూ ఎవరు? ఇంట్లోవాళ్లు, పార్ట్‌నర్, బావమరిది, డిజైనర్. వాళ్లందరికీ పేరు ముందే తెలుసు. పేరు తెలిసినవాళ్లు లోగోని చదవరు, గుర్తుపడతారు. సగం అక్షరం మింగేసినా వాళ్ల మనసే దాన్ని పూరించుకుంటుంది. అంటే ఓకే చెప్పే ఒక్కరికి కూడా ఆ తప్పు కనబడే అవకాశమే లేదు, అందుకే ఇది ఎన్ని మీటింగులు పెట్టినా దాటిపోతుంది.

తెలుగులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మన అక్షరాలన్నీ గుండ్రనివి, తేడా అంతా చిన్న చిన్న గీతల్లో ఉంటుంది. "సంబరం" అనే మాట తీసుకోండి. మోడర్న్‌గా ఉండాలని తలకట్లు కోసేస్తే ర కాస్తా సున్న అయిపోతుంది, ఆ మాటలో ఒకదాని పక్కన ఒకటి రెండు సున్నాలు నిలబడతాయి. పేరు తెలిసినవాడు సంబరం అనే చదువుతాడు, తెలియనివాడు ఆగిపోతాడు. ధ కింద గీత పోతే ద, ష లోపలి గీత పోతే ప. వు కొమ్ముని అక్షరానికి దగ్గరగా లాగితే మ అయిపోతుంది. సున్న బదులు నిమ్మకాయో పువ్వో పెట్టడం అందరికీ తెగ నచ్చుతుంది, కానీ కొత్తవాడు దాన్ని బొమ్మ అనుకుని వదిలేసి మిగతాదే చదువుతాడు. వత్తుల సంగతి ఇంకా ఘోరం: ఇంగ్లీషు లోగోలో లాగా ట్యాగ్‌లైన్‌ని పేరు కిందకి తెచ్చి అతికిస్తారు, వత్తు అడ్డం వస్తుంది, దాన్ని నలిపి చిన్నది చేస్తారు, లేబుల్ సైజులో అది మరకలా మిగులుతుంది.

పరీక్ష సులువే. పేరు అస్సలు తెలియని మనిషిని పట్టుకోండి. లోగోని ఫోన్‌లో బొటనవేలి గోరంత సైజులో రెండు సెకన్లు చూపించి, తీసేసి, ఏం చదివారో కాగితం మీద రాయమనండి. నోటితో చెప్పించకండి, మీ మొహం చూసి సర్దుకుంటారు. మీరు ఎవరి కోసం లోగో చేస్తున్నారో ఆ వయసువాళ్లు, ఆ చదువువాళ్లు అయ్యుండాలి. తెలుగు మీడియం చదివిన గృహిణులకి అమ్మే వస్తువుకి ఆఫీసులో ఇంటర్న్‌ని అడిగితే ఉపయోగం లేదు. ఒక మనిషికి ఒక్క డిజైనే, రెండోది చూపించేసరికి పేరు తెలిసిపోయి ఉంటుంది. ఐదారుగురిలో ఇద్దరు తడబడినా డిజైన్ వెనక్కి వెళ్లాల్సిందే.

మార్చేటప్పుడు మొత్తం పడేయక్కర్లేదు. ర లాంటి చోట్ల తలకట్టు వెనక్కి తెచ్చి, స్టైల్ చేయాలనుకుంటే పేరు మొత్తంలో ఒక్క అక్షరానికే చేయండి, అది కూడా పొరపాటుగా ఇంకో అక్షరంలా కనబడనిదై ఉండాలి. ల, జ, ట, బ లకి ఎలాగూ తలకట్టు లేదు, వాటితో ఆడుకోవచ్చు. బొమ్మని పేరు లోపలి నుంచి తీసి పక్కన పెట్టండి. ట్యాగ్‌లైన్‌ని పైకో పక్కకో జరిపి వత్తులకి చోటివ్వండి.

ఇక్కడ చదువుతున్నారు, డాలస్‌లో పిల్లలు చదవలేకపోతున్నారు

పికిల్స్, పొడులు ఎగుమతి చేసేవాళ్లకి వచ్చే సమస్య ఇది. అక్కడ పుట్టిన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. ఇంగ్లీషునీ తెలుగునీ కలిపి ఒకే ముద్దగా చేయకండి. గుర్తు ఒకటే ఉంచి, పేరుకి మాత్రం రెండు రూపాలు చేయండి. 1971లో డిజైనర్ శేఖర్ కామత్ చేసిన స్టేట్ బ్యాంక్ నీలం గుర్తుని చూడండి, పక్కన పేరు ఏ భాషలో రాసినా గుర్తు మారదు.

వత్తులు విడిపోయి ప్రింటయ్యాయి

లోగోలు గీసే సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి. ఫ్లెక్స్ షాపుకి పంపేముందు అక్షరాల్ని అవుట్‌లైన్లుగా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మగా) మార్చండి, మీ యూనికోడ్ ఫాంట్ వాళ్ల దగ్గర ఉంటుందని అనుకోవద్దు.

మిగతావి అరుదు. లోగోలో తప్పుడు ఆకారం కనబడుతోందని గొడవ, 2021లో షాపింగ్ సైట్ మింత్రా తన లోగో మార్చుకున్నప్పటిలా, ఎప్పుడో ఒకసారి వస్తుంది, తలకిందులు చేసి ఒకసారి చూసుకుంటే చాలు. క్లినిక్ అయితే తెలుపు మీద ఎర్ర ప్లస్ గుర్తు మాత్రం పెట్టకండి, అది రెడ్ క్రాస్ చిహ్నం, 1960 నాటి జెనీవా కన్వెన్షన్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడకూడదు. ఆకుపచ్చ చేసేయండి, పని అయిపోతుంది.