తుపానుల నెల రాకముందే తూటాల పెట్టె తీసి చూడండి

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. రెండూ అక్టోబరులోనే విరుచుకుపడ్డాయి. కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లైసెన్సు తుపాకీ ఉన్న ప్రతి ఇంట్లోనూ సెప్టెంబరు దాటకముందే తూటాల లెక్క తేల్చుకోవాలి. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్లలో ఈ పని ఇంకా ముఖ్యం. తాతగారి ట్రంకు పెట్టె అడుగున ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు.

పెట్టె తీశాక ముందు తూటా అడుగు చూడండి. గుండును, మందును పట్టి ఉంచే ఇత్తడి తొడుగు అడుగు మీద అచ్చుపడిన అక్షరాలు, అంకెలే దాని చిరునామా. కేఎఫ్ అని ఉంటే పుణెలోని ఖడ్కీ తూటాల ఫ్యాక్టరీది. పక్కన ఉండే రెండంకెలు సాధారణంగా తయారైన సంవత్సరం. ఆ గుర్తుతో తుపాకీ గొట్టం మీద చెక్కిన బోరును (గొట్టం లోపలి వెడల్పును), లైసెన్సు పుస్తకంలో రాసినదాన్ని కలిపి చూడాలి. మూడూ ఒకటే అయితేనే ఆ తూటా మీది. చూడ్డానికి ఒకలా ఉన్నాయని, గొట్టంలోకి దూరిందని నమ్మకూడదు.

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ‘7.62’ అన్నంత మాత్రాన అది ఏ తూటానో తెలియదు. సైనిక రైఫిళ్లలో ఏకేది 7.62×39, పాత ఎస్ఎల్ఆర్‌ది 7.62×51, ద్రగునోవ్‌ది 7.62×54. మొదటి అంకె గొట్టం బోరు, రెండోది తొడుగు పొడవు, రెండూ మిల్లీమీటర్లలోనే. ఒకదాని తూటా ఇంకోదానికి పనికిరాదు. మరి 7.62×51కి, పౌరుల వేట తూటా 308 విన్‌చెస్టర్‌కి పైకి తేడా కనిపించదు. 308 బజారులోకి వచ్చింది 1952లో, నాటో కూటమి 7.62ను ఖాయం చేసింది 1954లో. కానీ సైనిక తొడుగు గోడ మందం, సైనిక తుపాకీలో తూటా కూర్చునే గది కాస్త పొడవు. పలచని 308 తొడుగు ఆ గదిలో సాగి, అడుగు దగ్గర తెగిపోవచ్చు. సైన్యపు ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56×45కీ, పౌరుల 223 తూటాకీ మధ్య ప్రమాదం మరో రకం. 223 తుపాకీలో గుండు గొట్టం లోపలి మెలి చారల్లోకి ఎక్కే ముందుండే ఖాళీ జాగా తక్కువ. అందులో 5.56 కాలిస్తే గుండు త్వరగా చారలకు తగులుకుని లోపల ఒత్తిడి హద్దు దాటుతుంది. ప్రైమర్ (తూటా అడుగు మధ్యలో, మందును అంటించే చిన్న గుండ్రటి బిళ్ల) చదునుగా నలిగినా, బోల్టు బిగుసుకుని లేవకపోయినా అదే గుర్తు, అక్కడితో ఆపాలి. 5.56 గదిలో 223 కాల్చడం వల్ల మాత్రం ఇబ్బంది లేదు.

ఇంత తేడా తెలిసినా మన దగ్గర మామూలు లైసెన్సుతో ఈ సైనిక తూటాలు ఇంట్లో పెట్టుకునే వీలు లేదు. 303, 7.62 సర్వీసు (సైనిక) తూటాలను కాల్చగల రైఫిల్ ఏదైనా నిషిద్ధ బోరు కిందికే వస్తుంది. 7.62 దూరుతుంది కాబట్టి 308 రైఫిల్ కూడా అందులోకే. మామూలు లైసెన్సు మీద 12 బోరు, 22, 315 కనిపించడానికి కారణమిదే. 315 ఇషాపూర్ రైఫిల్ 303కు చుట్టంలా ఉంటుంది కానీ తూటా వేరు: 303 తొడుగు 56 మి.మీ., 315ది 50. రెండింటికీ అడుగున అంచు ఉంటుంది. మసక వెలుతురులో పోల్చుకోలేరు, అందుకే రెండూ ఒకే పెట్టెలో ఎప్పుడూ ఉండకూడదు.

ఇక ఉప్పుగాలి సంగతి. కళింగపట్నం, భోగాపురం లాంటి తీరం ఊళ్లలో ఇత్తడికి తొందరగా ఆకుపచ్చ చిలుము పడుతుంది. తోలు బెల్టులో గుచ్చి ఉంచిన తూటాలైతే ఇంకా త్వరగా, ఎందుకంటే తోలులోని ఆమ్లం తొడుగును తింటుంది. రబ్బరు అంచున్న గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, నేల మీద కాకుండా తాళం వేసిన బీరువా పై అరలో పెట్టండి. తుపాకీ వేరే చోట ఉండాలి. తూటాలకు నూనె రాయకండి. అది ప్రైమర్ అంచు నుంచి లోపలికి దిగి మందును చంపేస్తుంది.

ఒకసారి వరద నీళ్లలో మునిగిన తూటా పైకి ఆరినా కాల్చకూడదు. మందు తడిస్తే గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోవచ్చు. చప్పుడు మెల్లగా వచ్చి, తుపాకీ భుజాన్ని తన్నడం తగ్గిందంటే అనుమానించాలి. రెండో గుండు వెనకాల నుంచి వస్తే గొట్టం పగులుతుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం ముప్పై సెకన్లు కదలకండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తడిసినవాటిని ఎండలో గాని, పొయ్యి దగ్గర గాని ఆరబెట్టకండి. విడిగా ఉన్న తూటా మంటలో పేలితే గుండు దూరం పోదు గాని తొడుగు ముక్కలు కళ్లకు, మొహానికి తగులుతాయి.

పాత 303 తూటాల ప్రైమర్లలో క్లోరేటు ఉండేది. కాల్చాక గొట్టంలో ఉప్పు మిగిలి, మన తేమకు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. ఆ ఉప్పును నూనె కడగలేదు, వేడినీళ్లే కడుగుతాయి.

పెట్టెలో లైసెన్సులో లేని తూటా కనిపిస్తే, ముఖ్యంగా ముక్కుకు ఎరుపో, నలుపో, ఆకుపచ్చో రంగు ఉంటే, చెత్తలోనో చెరువులోనో పారేయకండి, సంచిలో వేసుకుని బస్సెక్కకండి. పిల్లల్ని దూరంగా పంపి, ఉన్నచోటే వదిలి స్టేషనుకు ఫోన్ చేయండి, లేదా 112కి. లైసెన్సుదారు చనిపోయాక మిగిలిన తుపాకీ, తూటాలను ఆలస్యం చేయకుండా ఠాణాలో జమ చేయమని 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. జమ చేసిన రసీదులో తూటాల సంఖ్య, బోరు విడివిడిగా రాయించుకోండి.