చౌడు నేలలో చమురు ఒలికితే: బ్యాక్టీరియాతో శుభ్రం చేసే పద్ధతి

పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటి, ఉప్పు 5 శాతం దాకా ఉన్న చోట మామూలు నేలల కోసం తయారైన బ్యాక్టీరియా పొడి చల్లడం దండగ. ఆ కణాలు అక్కడ బతకవు. పనికొచ్చే హాలోమోనాస్, మారినోబాక్టర్, డైట్జియా లాంటి బ్యాక్టీరియా చాలాసార్లు ఆ మట్టిలోనే ఉంటాయి. లోపలికి చేరిన సోడియంను బయటికి తోసి ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) లాక్కునే పంపులు వాటికుంటాయి. ఆ పనికే బోలెడు శక్తి ఖర్చవుతుంది కాబట్టి చమురు నెమ్మదిగానే తగ్గుతుంది. తొందరపడకూడదు.

ముందు ఒక వంతు మట్టిని ఐదు వంతుల నీటిలో కలిపి, ఆ నీటి పీహెచ్, ఉప్పు కొలవండి. బ్యాక్టీరియాను పెంచే ద్రావణం దానికి దగ్గరగా ఉండాలి. లీటరుకు సోడియం క్లోరైడ్ 50 గ్రాములు, సోడియం నైట్రేట్ 2, డైపొటాషియం ఫాస్ఫేట్ 0.5, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, సోడియం కార్బొనేట్ 5, బైకార్బొనేట్ 5 వేస్తే పీహెచ్ 9.5–10 మధ్య నిలుస్తుంది. చివరి రెండింటినీ వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టకండి. వేడికి బైకార్బొనేట్ విడిపోయి పీహెచ్ పెరుగుతుంది, మెగ్నీషియం తెల్లటి మడ్డిగా అడుక్కి దిగిపోతుంది. వాటిని సూక్ష్మ వడపోతతో శుద్ధి చేసి, మిగతాది చల్లారాక కలపాలి.

250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ. ద్రావణం, 5 గ్రాముల కలుషిత మట్టి, 0.5 మి.లీ. డీజిల్ వేసి, 30 డిగ్రీల దగ్గర నిమిషానికి 150 చుట్ల వేగంతో రెండు వారాలు ఊపండి. నూనె పొర చిన్న బొట్లుగా విరిగి నీరు మసకబారితే 2.5 మి.లీ. తీసి కొత్త ద్రావణంలో వేయాలి. ఇలా మూడుసార్లు మార్చాకే, మట్టిలోని ఇతర ఆహారం మీద కాక చమురు మీదే బతికేవి మిగులుతాయి. పొలంలో వేయాల్సిన కల్చర్ ఇదే.

ఎక్కువమంది దెబ్బతినేది నత్రజని దగ్గర. అమ్మోనియం ఎరువు వేస్తే పీహెచ్ 9.25 దాటాక సగానికి పైగా అమ్మోనియాగా మారి, కొంత గాలిలో కలిసిపోతుంది, మిగిలింది బ్యాక్టీరియాకే విషమవుతుంది. యూరియా కూడా చివరికి అమ్మోనియాగానే మారుతుంది. అందుకే నైట్రేటే వాడాలి. కిలో చమురులో సుమారు 850 గ్రాముల కార్బన్ ఉంటుంది. కార్బన్, నత్రజని, భాస్వరం 100:10:1 లెక్కన 85 గ్రాముల నత్రజని కావాలి, అంటే దాదాపు 600 గ్రాముల పొటాషియం నైట్రేట్. పొలంలో సోడియం నైట్రేట్ వద్దు, ఉన్న సోడియం చాలు. నైట్రేటూ ఉప్పే కాబట్టి నాలుగు విడతలుగా వేయండి. భాస్వరం కాల్షియంతో గట్టిపడిపోతుంది, దాన్నీ కొద్దికొద్దిగానే ఇవ్వాలి.

కిలో చమురు పూర్తిగా విచ్ఛిన్నం కావాలంటే సుమారు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. సోడియం ఎక్కువైన బంకమట్టి తడిస్తే రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి, మట్టిని 30 సెం.మీ. మించకుండా పరిచి, బరువులో 5 శాతం తరిగిన గడ్డి కలిపి, వారానికోసారి తిరగేయండి. తేమను, మట్టి పట్టి ఉంచగల నీటిలో 60 శాతం దగ్గర నిలపాలి. ఎండిన ప్రతిసారీ ఉప్పు గాఢత పెరుగుతుంది.

కల్చర్ వేసిన మడి పక్కనే పోషకాలు మాత్రమే వేసిన మడి, ఏమీ వేయని మడి తప్పక ఉంచండి. పోషకాల మడి బ్యాక్టీరియా మడితో సమానంగా నడిస్తే కల్చర్ పెంచే ఖర్చు మానేయవచ్చు. మొత్తం చమురు తగ్గిందని చూసి నమ్మకండి, తేలిక భాగం ఆవిరై కూడా పోతుంది. చమురులోని పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షలో, హెప్టాడెకేన్, ప్రిస్టేన్ అనే రెండు చమురు పదార్థాల నిష్పత్తి పడిపోతుంటేనే బ్యాక్టీరియా తింటున్నట్టు. ఈ రెండూ ఇంచుమించు ఒకేలా ఆవిరవుతాయి, కానీ బ్యాక్టీరియా మొదటిదాన్ని ముందు తింటుంది. ఆస్ఫాల్టీన్లు (చమురులోని బరువైన, తారులాంటి భాగం) మాత్రం చాలావరకు మిగిలిపోతాయి.