స్టిల్ లైఫ్ చూడటం నేర్చుకుందాం – 3: స్ట్రాబెర్రీల బుట్ట

స్టిల్ లైఫ్ అంటే పళ్ళూ గిన్నెలూ లాంటి కదలని వస్తువుల బొమ్మ. పోయిన పాఠంలో వెలుతురు ఎటునుంచి పడుతోందో పట్టుకోవడం చూశాం కదా. ఈసారి దూరం సంగతి, అంటే బొమ్మకి ఎంత దూరంలో నిలబడాలి అన్నది. మ్యూజియంలో చాలామంది గోడ మీది చీటీ చదివి, బొమ్మని ఒక ఫొటో కొట్టి, పక్కదానికి వెళ్ళిపోతారు. మనం అలా చెయ్యొద్దు.

ఇవాళ్టి బొమ్మ ఫ్రెంచి చిత్రకారుడు షార్దాన్ వేసిన అడవి స్ట్రాబెర్రీల బుట్ట, 1761లో పారిస్ సలోన్‌లో, అంటే అక్కడి చిత్రకళా ప్రదర్శనలో పెట్టాడు. ఎత్తు 38 సెంటీమీటర్లు, వెడల్పు 46, అంతే. 2022లో వేలానికొస్తే ఖర్చులతో కలిపి 2.4 కోట్ల యూరోలు దాటింది, దేశం దాటకుండా ఫ్రాన్స్ ప్రభుత్వం ఆపింది, చివరికి 2024లో లూవ్ర్ మ్యూజియం చందాలు పోగుచేసి మరీ కొనుక్కుంది. తమాషా ఏంటంటే ఆ కాలపు ఫ్రాన్స్ చిత్రకారుల అకాడమీలో పెద్దపీట పురాణాలూ చరిత్రా వేసేవాళ్ళకే, పళ్ళూ గిన్నెలూ వేసేవాళ్ళది ఆఖరి వరస.

బొమ్మని కంప్యూటర్‌లో తెరిచి గది అవతలి గోడ దగ్గరికి వెళ్ళండి. గోపురంలా ఎర్రటి రాశి, ఎడమన నీళ్ళ గ్లాసు, దాని ముందు రెండు తెల్లపూలు, కుడివైపు ఒక పీచ్ పండు, రెండు చెర్రీలు. అన్నీ స్పష్టంగానే ఉంటాయి. ఇప్పుడు దగ్గరికొచ్చి, జూమ్ చేసి స్ట్రాబెర్రీలు లెక్కపెట్టండి. అంచుల్లో కొన్ని విడివిడిగా దొరుకుతాయి, మధ్యలోకొచ్చేసరికి లెక్క తప్పుతుంది, ఎందుకంటే అక్కడున్నది ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన ఎరుపే, మిగతా పళ్ళు మన కన్నే పూర్తిచేసుకుంటుంది. షార్దాన్ బొమ్మల గురించి ఫ్రెంచి రచయిత దిదెరో 1763లో రాసిందీ ఇదే: దగ్గరికెళ్తే అంతా చెదిరిపోతుంది, వెనక్కి జరిగితే మళ్ళీ కుదురుకుంటుంది.

గ్లాసు దగ్గర ఇంకాస్త ఆగండి. నాకైతే ఈ బొమ్మలో అసలు పనితనం అక్కడే ఉందనిపిస్తుంది. వెనకున్న గోధుమరంగే గాజులోంచి కనిపిస్తుంది, దానిమీద అక్కడక్కడా తెల్లటి మెరుపులు. ఇంత తక్కువతో నీళ్ళు నిలబడ్డాయి!

ఇంటిపని: కిటికీ దగ్గర గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పక్కన నాలుగు టమాటాలు పెట్టి, కళ్ళు చికిలించి చూడండి. గ్లాసులో ఏయే రంగులు కనిపిస్తున్నాయో రాయండి, కానీ ‘రంగులేదు’ అని మాత్రం రాయకూడదు. సాయంత్రం లైటు వేశాక మళ్ళీ రాసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి.

వచ్చే పాఠంలో షార్దాన్‌కి 1728లో అకాడమీ తలుపులు తెరిచిన బొమ్మ, కడుపు కోసి కొక్కేనికి వేలాడదీసిన టేకు చేప (ఇంగ్లీషులో రే). అందులో ఒక కత్తిపిడి అరుగు అంచు దాటి మనవైపు పొడుచుకొచ్చి ఉంటుంది, దాని పనేంటో చూద్దాం. ఆ బొమ్మలో ఒక పిల్లి కూడా ఉంది, ఈలోపు దాని కాళ్ళ కింద ఏమున్నాయో వెతికి పెట్టుకోండి.