పాత లగ్జరీ సెడాన్, పలచటి పర్సు: లక్షణం పట్టుకుని మరమ్మతు దాకా

ఇరవై, ముప్పై ఏళ్ల లగ్జరీ సెడాన్ ధర పడిపోతుంది కానీ దాని స్పేర్ పార్టుల ధర పడిపోదు. కొత్తలో ఆ కారు ఏ స్థాయిదో, పార్టులు ఇప్పటికీ ఆ స్థాయిలోనే ఉంటాయి. అందుకే "ఇది అయ్యుంటుంది, మార్చి చూద్దాం" అనే పద్ధతి చిన్న కార్లతో చెల్లుతుందేమో గానీ వీటితో చెల్లదు. రెండు తప్పుడు అంచనాలకే బడ్జెట్ ఖాళీ. ముందు కొలవాలి, తర్వాతే కొనాలి. ఏ లక్షణమైనా చవకైన కారణం దగ్గర మొదలుపెట్టి ఖరీదైన దాని వైపు వెళ్లాలి.

మొదటి డబ్బులు అలాయ్ వీల్స్ మీద కాదు, మల్టీమీటర్, స్కానర్, రెండు గట్టి జాక్ స్టాండ్ల మీద పెట్టండి. ఒట్టి జాక్ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరొద్దు. స్కానర్ విషయంలో ఒక మాట: ఓబీడీ-2 (కారు కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్లు చదివే ఉమ్మడి పద్ధతి) సాకెట్ అమెరికాలో 1996 నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు కార్లకు కంపెనీకో సాకెట్, కంపెనీకో పద్ధతి. మీ మోడల్‌కు ఏది పనిచేస్తుందో చూసుకుని కొనండి.

రాత్రి బాగానే ఉంది, పొద్దున సెల్ఫ్ తీసుకోవడం లేదు

చాలామంది నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. అది నాలుగు రోజులు నడిచి మళ్లీ అదే కథ.

ముందు వోల్టేజీ చూడండి. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ కాసేపు ఊరికే ఉన్నాక దాదాపు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) పని చేస్తున్నట్టే. ఇవి రెండూ బాగున్నా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందంటే ఎర్త్ మీద అనుమానం పెట్టుకోండి. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొన ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టుల కంటే ఎక్కువ చూపితే ఎర్త్ తీగ తుప్పు పట్టింది లేదా బోల్టు వదులైంది. ఇసుక కాగితంతో రుద్ది బిగిస్తే పోయే జబ్బుకు స్టార్టర్ మోటారు మార్చినవాళ్లు ఎందరో.

చార్జింగ్ బాగుండి కూడా రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోందంటే, కారు నిద్రపోవడం లేదన్నమాట. ఈ కార్లలో సీటు మెమరీకి, అద్దాలకు, ఫోన్‌కు, ఏసీకి ఒక్కొక్క మాడ్యూల్ (చిన్న కంప్యూటర్) ఉంటుంది. అవన్నీ తాళం వేసిన కాసేపటికి నిద్రపోవాలి. డోరు తెరిచి ఉంచి లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో మూయండి, తలుపు వేసేసినట్టు కారు అనుకుంటుంది. బ్యాటరీ నెగటివ్ దారిలో మీటరును ఆంపియర్ల మీద పెట్టి అరగంట ఆగండి. అప్పటికి 50 మిల్లీ ఆంపియర్ల లోపుకు రావాలి. అర ఆంపియర్ లాగుతోందంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయినా మూడు రోజుల్లో సగానికి దిగుతుంది. మీటరు ఇలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఏ సర్క్యూటో తెలుసుకోవడానికి ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకితే మాడ్యూళ్లు మళ్లీ మేలుకుంటాయి, లెక్క చెడుతుంది. పీకకుండా, ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చుక్కల మీద మీటరు పెట్టి మిల్లీ వోల్టులు కొలవండి. సున్నా కాకుండా ఎంతో కొంత చూపేదే దొంగ. బీఎండబ్ల్యూ ఈ39లో (ఈ39 అంటే 5 సిరీస్‌లో ఒక తరానికి కంపెనీ కోడ్; కింద వచ్చే డబ్ల్యూ124 లాంటివీ మెర్సిడెస్ తరాల కోడ్లే) తరచూ దొరికేది ఏసీ బ్లోయర్ స్పీడును నడిపించే ఫైనల్ స్టేజ్ యూనిట్. బ్లోయర్ తనంతట తాను తగ్గుతూ పెరుగుతూ ఉంటే దాన్నే ముందు చూడండి. మిగతా వాటిలో డిక్కీ లైటు ఆరకపోవడం, ఎవరో పాత ఓనరు పెట్టించిన ఆంప్లిఫయర్ ఎక్కువ. ఏ ఫ్యూజులోనూ దొరక్కపోతే ఆల్టర్నేటర్ డయోడ్‌ను చూడాలి.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఎప్పుడు పోతోంది అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ట్రాఫిక్‌లో నిలబడితేనే వేడెక్కి, బండి కదలగానే దిగితే గాలి చాలడం లేదు: ఫ్యాన్ సంగతి. విస్కస్ క్లచ్ ఫ్యాన్ (ఇంజినే తిప్పే, వేడికి క్లచ్ బిగుసుకునే ఫ్యాన్) అయితే వేడి ఇంజిన్ ఆపేసి, చేత్తో తిప్పి చూడండి. బరువుగా కదలాలి. బొంగరంలా తిరుగుతూనే ఉంటే క్లచ్ పోయింది. హైవే మీదే వేడెక్కితే రేడియేటర్ లోపల మూసుకుపోయింది లేదా వాటర్ పంపు నీళ్లు తోయడం లేదు. స్టార్ట్ చేసిన కాసేపటికే మండిపోతూ పై గొట్టం కాలుతూ కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ ఇరుక్కుంది. అన్నిటికంటే చవకైన మరమ్మతు ఇదే.

భయపడాల్సింది నాలుగోది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే గొట్టాలు గట్టిపడటం, ట్యాంకులో బుడగలు, ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం. ఇది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ పై హెడ్‌కూ నడుమ సీలు) పోవడం కావచ్చు. హెడ్ విప్పే ముందు బ్లాక్ టెస్ట్ చేయించండి. ట్యాంకు మూతి మీద నీలం ద్రవం ఉన్న గొట్టం పెడతారు, పెట్రోలు ఇంజిన్ పొగ కూలెంట్‌లో కలుస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది.

ఈ39 ఓనర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. దాని డ్యాష్‌బోర్డు ముల్లు నిజం చెప్పదు. మామూలు వేడిలో చాలా దూరం వరకు నడిమధ్యలోనే నిలబడేలా దాన్ని తయారు చేశారు. ముల్లు కదిలిందంటే పరిస్థితి అప్పటికే చేయి దాటుతోందని అర్థం. స్కానర్‌లో లైవ్ టెంపరేచర్ చూడటం అలవాటు చేసుకోండి. ఆ కార్ల ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకులు వయసుతో పెళుసుబారి పగులుతాయి. ట్యాంకు, థర్మోస్టాట్, గొట్టాలు, వాటర్ పంపు వయసు తెలియకపోతే అన్నీ కలిపి ఒకేసారి మార్చండి. బడ్జెట్ అంటూ విడదీయకూడని పని నా దృష్టిలో ఇదొక్కటే, ఎందుకంటే అల్యూమినియం హెడ్ ఒక్కసారి వంకరపోతే ఖర్చు ఎక్కడికో వెళ్తుంది. కుళాయి నీళ్లు పోయొద్దు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. వేడి మీద మూత తెరవొద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఏబీఎస్ లైటు వెలుగుతోంది, ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంది

ఈ రెండూ ఒకేసారి వస్తే, కారు మెర్సిడెస్ డబ్ల్యూ124 లేదా డబ్ల్యూ201 పెట్రోలు మోడల్ అయితే, ఏబీఎస్ యూనిట్ మీదకు పోకుండా ఓవర్‌వోల్టేజ్ రిలే (ఎక్కువ వోల్టేజీ నుంచి కంప్యూటర్లను కాపాడే చిన్న డబ్బా) తీయండి. బ్యాటరీ వెనక ఉంటుంది, నెత్తిన 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఫ్యూజు బాగుందని వదిలేయకండి, లోపల సర్క్యూట్ బోర్డు మీద సోల్డర్ చిట్లుతుంది. డబ్బా విప్పి ఆ అతుకులు మళ్లీ సోల్డర్ చేస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

1993-95 ప్రాంతపు డబ్ల్యూ124, డబ్ల్యూ140 అయితే ఇంకో చిక్కు. ఆ కాలపు ఇంజిన్ వైరింగ్ పైపూత వేడికి పెళుసుబారి పొడిగా రాలిపోతుంది. మిస్సింగ్, పొంతన లేని ఎర్రర్ కోడ్లు, ఒకరోజు బాగుండి ఇంకోరోజు మొరాయించడం. కంప్యూటర్ పోయిందని ఎవరైనా అంటే, ముందు ఇంజెక్టర్ల దగ్గర వైరు తొడుగు కాస్త తీసి చూడండి. రాగి బయటికి కనిపిస్తే కాయిల్, కంప్యూటర్ మార్చి లాభం లేదు. వేడికి తట్టుకునే వైరుతో హార్నెస్ (వైర్ల కట్ట) కొత్తగా కట్టించాలి. ఓపిక ఉంటే సొంతంగా చేసుకోవచ్చు గానీ, ఒక్కో వైరు విప్పగానే దానికి చీటీ కట్టండి.

గేరు కుదుపుతో పడుతోంది, లేదా ఒకే గేరులో ఉండిపోతోంది

గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ అనే మాట వినగానే టెన్షన్ పడకండి. 1996 నుంచి వచ్చిన మెర్సిడెస్ 722.6 గేర్‌బాక్స్ పక్కన 13 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. దాని ఓ-రింగులు (సీలు చేసే రబ్బరు రింగులు) అరిగితే ఆయిల్ వైరు వెంట పాకుతూ గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా వెళ్తుంది. బండి రెండో గేరులో బిగుసుకుపోతుంది. ఆ కంప్యూటర్ కనెక్టర్ ఊడదీసి నూనె తడి ఉందేమో చూడండి. ఉంటే శుభ్రం చేసి, కింది కనెక్టర్ కొత్తది వేసి, ఆయిల్ లెవెల్ సరిచేయండి. 722.3, 722.4 లాంటి పాతవాటిలో కుదుపు వస్తే వ్యాక్యూమ్ గొట్టం చిట్లిందేమో చూడాలి. ఆ గొట్టంలో ఎర్ర ఆయిల్ కనిపిస్తే మాడ్యులేటర్ (వ్యాక్యూమ్‌ను బట్టి గేర్‌బాక్స్ ఒత్తిడి సరిచేసే డబ్బా) లోపలి పొర చిరిగింది. ఆ ఆయిలే ఇంజిన్‌లోకి వెళ్లి తెల్లపొగ వస్తుంది.

ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే మాత్రం ఈ చిట్కాలు దాటిపోయింది. అప్పుడు ఓవర్‌హాల్‌తో పాటు ప్రమాదంలో దెబ్బతిన్న కారు నుంచి తీసిన గేర్‌బాక్స్ ధర కూడా కనుక్కోండి.

తాళం తీసినా డీజిల్ ఇంజిన్ ఆగడం లేదు

మొదటిసారి చూసినవాళ్లు బెదిరిపోతారు. మెర్సిడెస్ డబ్ల్యూ123 డీజిల్‌ను ఆపేది కరెంటు కాదు, వ్యాక్యూమ్. డోర్ లాకులు నడిచేదీ ఆ వ్యాక్యూమ్‌తోనే. కాబట్టి వెనక డోరులో రబ్బరు చిరిగినా ముందు ఇంజిన్ ఆగకపోవచ్చు! బానెట్ కింద స్టాప్ అని రాసిన మీట నొక్కితే ఆగుతుంది. తర్వాత చేతి వ్యాక్యూమ్ పంపుతో ఒక్కో గొట్టం మూసి, ఎక్కడ ఒత్తిడి నిలవడం లేదో పట్టుకోండి.

పొద్దున్నే కారు ఒక మూల కుంగి ఉంది

ఎయిర్ సస్పెన్షన్ లీకు. 1998-2005 మధ్య వచ్చిన ఎస్-క్లాస్ డబ్ల్యూ220 దీనికి పేరుమోసింది. స్ట్రట్ (స్ప్రింగు బదులు గాలితో కారును మోసేది) రబ్బరు మీద, గొట్టం అతుకుల మీద సబ్బు నీళ్లు కొట్టి బుడగలు వెతకండి. స్టార్ట్ చేస్తే పైకి లేస్తోంది కదా అని నడిపితే, ఆ లీకును భర్తీ చేయడానికి కంప్రెసర్ ఎడతెగకుండా తిరిగి కాలిపోతుంది, దాంతోపాటు రిలే కూడా. అప్పుడు ఒక పార్టు ఖర్చు మూడు అవుతుంది. మామూలు స్ప్రింగుల కిట్ చవకే. కానీ వార్నింగ్ లైటుకు వేరే ఏర్పాటు కావాలి, ఆ కారును కొనుక్కున్న మెత్తదనం పోతుంది. నేనైతే మంచి రీబిల్ట్ స్ట్రట్‌కే ఓటు వేస్తాను.

స్టీరింగ్ వణుకుతోంది (ముఖ్యంగా కొత్త అలాయ్స్ వేశాక)

బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కు లేదా ముందు ఆర్మ్ బుష్‌లు (సస్పెన్షన్ చేతుల రబ్బరు అతుకులు). ఈ39లో డిస్కులు మార్చినా వణుకు పోకపోతే థ్రస్ట్ ఆర్మ్ బుష్‌లు చూడండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే కింద నుంచి దడదడ వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ రబ్బరు జాయింటు పగిలింది. ఒక వేగం దగ్గర మొదలై దాటాక తగ్గితే చక్రాలు.

బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదా? చక్రం నడుమ రంధ్రం కొలవండి. పాత మెర్సిడెస్ హబ్ (చక్రం రంధ్రంలో కూర్చునే గుబ్బ) 66.6 మిల్లీమీటర్లు, చాలా బీఎండబ్ల్యూలు 72.6, ఈ39 మాత్రం 74.1. బయట కొన్న చక్రం రంధ్రం ఇంకా పెద్దదైతే హబ్ మీద సరిగ్గా కూర్చోదు, సరైన కొలత రింగు వేయాలి. అంతకంటే ముఖ్యం బోల్టు మెడ. మెర్సిడెస్ కంపెనీ చక్రాలకు గుండ్రటి మెడ బోల్టులు, బయటి చక్రాలకు ఎక్కువగా కోను మెడవి. మార్చి బిగిస్తే అవి అంచు మీదే ఆని, నడుస్తుండగా వదులవుతాయి. ఇది వణుకుతో ఆగే సమస్య కాదు.

సైజు మార్చేటప్పుడు టైరు మొత్తం వ్యాసం చూసుకోండి. 195/65 ఆర్15 వ్యాసం 634 మిల్లీమీటర్లు, 225/45 ఆర్17 కూడా దాదాపు అంతే. స్పీడోమీటర్ తప్పు చూపదు. ఆఫ్‌సెట్ (చక్రం హబ్ మీద ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందో), ఫెండర్ సందు వేరే కొలవాలి, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) తగ్గకూడదు.

కార్పెట్ తడి, లోపల ముక్కిన వాసన

సన్‌రూఫ్ మూలల్లోని డ్రెయిన్ గొట్టాలు మూసుకుపోతాయి. గట్టి గాలి కొడితే గొట్టం లోపల ఊడిపోతుంది, సన్నటి నైలాన్ తీగ దూర్చండి. వైపర్ల కింద ఆకులు తీయండి. ఈ39 వెనక పాదాల దగ్గర నీళ్లంటే డోరు లోపలి షీటు జిగురు వదిలింది. తడి జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే అది వాన కాదు, హీటర్ కోర్ నుంచి కూలెంట్. ఏదైనా కార్పెట్ ఎత్తి కింది ఫోమ్ ఆరబెట్టాల్సిందే. చాలా కార్లలో మాడ్యూళ్లు ఆ కార్పెట్ కిందే ఉంటాయి.

రూఫ్ లైనింగ్ వేలాడితే గుచ్చి గమ్ము పెట్టే పని వృథా. గుడ్డ వెనక ఫోమ్ పొడి అయిపోయింది. బోర్డు దించి, గీకి, కొత్త గుడ్డ అంటించాలి.

లైట్లు డల్, మార్పులు చేశాక కొత్త తిప్పలు

మామూలు రిఫ్లెక్టర్లో హెచ్ఐడీ (జెనాన్) బల్బులు పెట్టడం ఎదుటివాడి కళ్లలో కొట్టడమే. ముందు బల్బు దగ్గర వోల్టేజీ కొలవండి. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుతురు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. రిలే పెట్టి మందం వైరు వేసి, పసుపెక్కిన అద్దం పాలిష్ చేస్తే తేడా మీకే తెలుస్తుంది. ఆంప్లిఫయర్ వేస్తే ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరం లోపే ఉండాలి. స్ప్రింగులు కోసి కారు దించడం వద్దు. టర్బో లేని ఇంజిన్‌కు చిప్ ట్యూనింగ్ డబ్బులు బుష్‌ల మీద పెడితే కారు నిజంగా మారినట్టుంటుంది.

తుప్పు: ఇక్కడ మాత్రం ఆగి ఆలోచించాలి

ఫెండర్ అంచు తుప్పు టింకరింగ్‌తో పోతుంది. అయస్కాంతం అంటని చోట పుట్టీ ఉంది. జాక్ పాయింట్లు, సస్పెన్షన్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి. ఖంగుమనాలి, మొద్దుగా మోగితే లోపల ఏమీ మిగల్లేదు. మెర్సిడెస్ డబ్ల్యూ210లో ముందు స్ప్రింగు ఆనే పర్చ్ తుప్పు పట్టి ఊడిపోవడం తెలిసిన జబ్బు. అది ఊడితే చక్రం మీద కారు కూలబడుతుంది. అక్కడి సీలెంట్ ఉబ్బి కనిపిస్తే వెల్డింగ్ చేయించేదాకా బండి తీయకండి. వెల్డింగ్‌కు ఇనుమే మిగలకపోతే ఆ కారును విప్పి, పార్టులుగా అమ్మి, ఆ డబ్బుతో అదే మోడల్‌లో గట్టి బాడీ ఉన్నది వెతకండి. చివరగా ఒక జాగ్రత్త: సీట్లు, స్టీరింగ్ ముట్టుకునే ముందు తాళం తీసి, బ్యాటరీ రెండు టెర్మినళ్లూ విప్పి కాసేపు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో కరెంటు వెంటనే పోదు.