కర్రీ పాయింట్‌కి ప్రకటన ఎలా ఇవ్వాలి?

కొత్తగా షాపు పెట్టినవాళ్లు మా డీటీపీ సెంటర్‌కి వచ్చి మొట్టమొదట అడిగేది ఒకటే: "రెండు వేల పాంప్లెట్లకి ఎంతవుతుందండీ?" ఆ పాంప్లెట్ మీకు ఏ పని చేసిపెట్టాలని తిరిగి అడిగితే మాత్రం తడుముకుంటారు. "అందరికీ తెలియాలి కదా" అంటారు. అందరికీ అంటే ఎవరికి? ఏం తెలియాలి? ఓ కాలనీలో కొత్తగా పెట్టిన కర్రీ పాయింట్‌ని తీసుకుని చూద్దాం.

1. ఒక్క పనే అప్పగించండి

ప్రకటన చేసే పనులు ముఖ్యంగా మూడు. షాపు ఉందని చెప్పడం, జనాన్ని గుమ్మం దాకా రప్పించడం, తెలిసినవాళ్లు మర్చిపోకుండా చూడటం. మూడూ ఒకే కాగితం మీద కుక్కితే ఏదీ జరగదు. మన కర్రీ పాయింట్‌కి ఇప్పుడు కావాల్సింది రెండోది. ఒక్కసారి రుచి చూపించాలి.

1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచేవారని చెబుతారు. గంటల తరబడి కూర్చున్నవాళ్ల చేతికి తలనొప్పి మందు! పాట ఎలా ఉన్నా మందు పనితనం మాత్రం అక్కడికక్కడే తెలిసిపోతుంది.

2. కొనేదెవరో చూడండి

కర్రీ పాయింట్‌కి వచ్చేది ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లవాళ్లు, బ్యాచిలర్లు, కుక్కర్‌లో అన్నం పెట్టేసి కూర కోసం బండి తీసేవాళ్లు. పప్పు ప్యాకెట్ కోసం ఐదు కిలోమీటర్లు ఎవరూ రారు. కాబట్టి ఊరంతటికీ వెళ్లే పేపర్ ప్రకటన, కేబుల్ టీవీ స్క్రోలింగ్ ఇక్కడ దండగ. చుట్టుపక్కల నాలుగైదు వీధులు పట్టుకుంటే చాలు.

3. ముందు లెక్క, తర్వాత ఖర్చు

ప్రింటింగ్, పంపిణీ కలిపి 3,500 రూపాయలు అయిందనుకుందాం. ప్యాకెట్ మీద మీకు 15 రూపాయలు మిగిలితే, ఆ డబ్బు తిరిగి రావడానికి అదనంగా 234 ప్యాకెట్లు అమ్ముడవ్వాలి. నెలలో అది కుదిరేపనేనా? కాదనిపిస్తే వెయ్యి పాంప్లెట్లతో మొదలుపెట్టండి.

4. రాసేది మనిషితో మాట్లాడినట్టు రాయండి

నా దగ్గరికి వచ్చే మ్యాటర్ సాధారణంగా ఇలా ఉంటుంది: "శుభవార్త! శుభవార్త! మీ నగరంలో మొట్టమొదటిసారిగా... రుచికి, శుచికి మారుపేరు..." కింద ప్రారంభోత్సవం చేసిన పెద్దల ఫొటోలు. కూర ఎక్కడా కనిపించదు. దాన్ని ఇలా మార్చి చూడండి:

"ఇవాళ వండే ఓపిక లేదా? అన్నం ఒక్కటి పెట్టుకోండి. పప్పు, వేపుడు, సాంబారు మా దగ్గర వేడిగా ఉన్నాయి. సాయంత్రం 6 నుంచి 10 వరకు. వాటర్ ట్యాంక్ ఎదురుగా."

ధర వేయండి. గుర్తు చెప్పండి. డోర్ నంబర్ కన్నా వాటర్ ట్యాంకే మేలు. ఫ్లెక్సీ అయితే ఇందులో సగం కూడా పట్టదు. బండి మీద వెళ్లేవాడు ఐదారు మాటలకు మించి చదవలేడు.

ఫోన్ నంబర్‌ని ప్రూఫ్‌లో (అచ్చుకి ముందు సరిచూసుకోమని మేమిచ్చే కాపీలో) చూసి ఊరుకోకుండా, ఆ కాగితం మీది అంకెలే నొక్కి కాల్ చేయండి. ఒకసారి నేనే ఒక అంకె తప్పు కొట్టాను. గుత్తి వంకాయ ఉందా అంటూ ఎవరో పెద్దావిడకి పది రోజులు ఫోన్లు. పాంప్లెట్లు మళ్లీ నా ఖర్చుతోనే వేసిచ్చాను.

5. ఎప్పుడు, ఎలా చేరాలి

పాంప్లెట్లు పేపర్లలో పెట్టేది తెల్లవారుజామున, పేపర్లు వేసేవాళ్లు కట్టలు పంచుకునే పేపర్ పాయింట్ దగ్గర. మీ వీధుల పేపర్ ఏజెంట్‌తో నేరుగా మాట్లాడుకోండి. ఒకరోజు నిద్ర మానుకుని వెళ్లి, మీ కట్టలు నిజంగా పేపర్లలోకి వెళ్తున్నాయో లేదో చూసి రండి. నన్నడిగితే ఆదివారం వద్దు. ఆరోజు పేపర్ నిండా అందరి పాంప్లెట్లే ఉంటాయి, పైగా చాలా ఇళ్లలో ఆదివారం ఇంట్లోనే వండుకుంటారు. సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓపిక ఉండదు, అదే మనకి కావాల్సింది.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టుకోవడం ఉచితం. టైమింగ్స్ సరిగ్గా ఇవ్వండి. రోజూ సాయంత్రం ఐదున్నరకి ఆరోజు కూరల ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. ఫ్లెక్సీకి మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. ఆటో మైక్ పెడితే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నోరు మెదపకూడదు.

6. లేనిపోనివి రాయకండి

"ఊళ్లో నంబర్ వన్" అని రాస్తే రుజువు చూపగలగాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కొద్దిమందికే సరిపడా సరుకు పెట్టుకుని ఊరంతా ఆఫర్ చాటడం కూడా, ఆ చట్టం కింద ప్రకటనల మీద వచ్చిన 2022 మార్గదర్శకాల ప్రకారం కుదరదు. మూలన చీమ తలకాయంత అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని వేయమంటారు కొందరు. ఆ షరతేదో పైన రాసిన మాటతో సమానంగా కనిపించేలా వేయండి.

7. లెక్కపెట్టండి

పాంప్లెట్లని రెండు రంగుల కాగితాల మీద వేయించండి. గులాబీవి అపార్ట్‌మెంట్ల వైపు, పసుపువి హాస్టళ్ల వైపు. "ఇది తెచ్చినవాళ్లకి చిన్న కప్పు పప్పు ఫ్రీ" అనండి. వచ్చిన కాగితాలు కౌంటర్ పక్కన డబ్బాలో వేసి వారం తర్వాత ఎంచండి. పసుపువి 60, గులాబీవి 9 వచ్చాయనుకోండి, రెండో విడత మొత్తం హాస్టళ్ల వైపే.

కాగితం తెచ్చినవాళ్లు మళ్లీ వచ్చారా అన్నది కూడా ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. 69 మందిలో ఐదారుగురే తిరిగొస్తే పాంప్లెట్ల ఆర్డర్ పక్కన పెట్టి, ముందు వంట మాస్టర్‌తో మాట్లాడండి.