పోస్టల్ ఓటు కవరు మీది సంతకాన్ని ఎలా సరిచూడాలి?

అమెరికాలో పోస్టులో ఓట్లు వచ్చే కాలిఫోర్నియా, కొలరాడో లాంటి రాష్ట్రాల్లో ఓటరు ఎవరో తేల్చేది ప్రధానంగా కవరు మీది సంతకమే. కౌంటీ ఎన్నికల కార్యాలయంలో ఆ పనికి కూర్చునేవాళ్లు, సంతకం ఓటరుదే అనుకుని మొదలుపెట్టాలి. కాలిఫోర్నియా చట్టం చెప్పేదీ అదే: అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదు, పోలికలుంటే చాలు.

కవరు తెరవకండి. పేరు, చిరునామా చూసి ఓటరు రికార్డు తీయండి. నమోదు ఫారం ఒక్కదానితో ఆగకుండా, తర్వాత ఇచ్చిన ఫారాలూ పాత కవర్లూ రికార్డులో ఉంటే అవీ పక్కన పెట్టుకోండి. 18 ఏళ్లప్పుడు పెట్టిన సంతకం 60 ఏళ్లకు అలాగే ఉండదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఎలక్ట్రానిక్ పలక మీద పెట్టిందైతే మరీను, గీతలు మెట్లుమెట్లుగా విరిగి కనిపిస్తాయి.

మొత్తం రూపం ఒకసారి చూసి చిన్నవాటిలోకి దిగండి. అక్షరాలు ఎటు వాలాయి? పేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఎంత జాగా ఉంది? 'టి' అడ్డగీత నిలువుగీతను దాటి ఎంత దూరం పోయింది? 'ఐ' చుక్క సరిగ్గా పైన ఉందా, కుడికి జరిగిందా? 'వై' తోక మెలి తిరిగి పైకొచ్చిందా, కిందే ఆగిందా? ఇవన్నీ చెయ్యి అలవాటుగా చేసేవి. నకలు చేసేవాడు అక్షరాల ఆకారం పట్టుకుంటాడు గానీ అసలు చెయ్యి కదిలే వేగం అంత తేలిగ్గా పట్టుబడదు. అలాగని గీత వణికితే చాలు దొంగ సంతకమని తేల్చెయ్యకండి. వయసు, జబ్బు, తొందర ఏదైనా కారణం కావచ్చు. మొదటి పేరుకు బదులు పొడి అక్షరం రాసినా తప్పులేదు.

తేడా ఎందుకొచ్చిందో తోచకపోతే అదే ఇంట్లోని మిగతా ఓటర్ల సంతకాలూ చూడండి. భార్యాభర్తల కవర్లు తారుమారయ్యి ఉండొచ్చు.

అప్పటికీ కుదరకపోతే, ఒక్కరే తోసిపుచ్చడం అన్యాయం. కాలిఫోర్నియాలో మరో ఇద్దరు అధికారులు విడిగా చూసి, కవరు మీది సంతకం రికార్డులోని సంతకాలన్నిటికీ స్పష్టంగా తేడాగా ఉందనడంలో సహేతుకమైన సందేహానికి తావులేదని ఏకగ్రీవంగా చెప్పాలి. కొలరాడోలో వేర్వేరు పార్టీలకు చెందిన ఇద్దరు ఎన్నికల జడ్జీలు (కోర్టు జడ్జీలు కాదు, ఎన్నికల పని చేసే సిబ్బంది) చూస్తారు. ఓటరు ఏ పార్టీ, ఏ జాతి అన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోకూడదు.

తర్వాత ఓటరుకు కబురు పంపాలి. కొలరాడోలో సరిదిద్దుకోవడానికి పోలింగ్ రోజు తర్వాత 8 రోజులే గడువు. మీ బల్ల మీద ఆగిన ప్రతి రోజూ ఆ గడువులోంచే పోతుంది కాబట్టి నోటీసు వెంటనే పంపండి, ఫోన్ నంబరు ఉంటే ఫోనూ చెయ్యండి. నోటీసుతో వెళ్లిన ఫారం మీద ఓటరు సంతకం చేసి తిరిగి పంపితే, దాన్ని రికార్డులో చేర్చండి. వచ్చే ఎన్నికల్లో పోల్చడానికి అదే పనికొస్తుంది.